చాటింపు మనది, దుకాణం వాళ్లది

ఏప్రిల్ నెల వస్తే చాలు, మన సభల్లో ఈ మధ్య ఒక కొత్త మాట వినపడుతోంది. బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి మైకు ముందుకొచ్చిన ప్రతి పెద్దమనిషీ "ఉద్యోగాలు అడిగేవాళ్లు కావొద్దు, ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కండి" అంటున్నాడు. పక్కనున్న ఇంకో పెద్దమనిషి దానికి తోక తగిలిస్తాడు. "కంప్యూటరుకు కులం లేదు. ఒక ల్యాప్‌టాప్ కొనుక్కోండి. వెబ్‌సైట్లు చేసుకోండి, ఆన్‌లైన్ మార్కెటింగ్ చేసుకోండి. మిమ్మల్ని ఆపేదెవరు?" జనం చప్పట్లు కొడతారు. ఆయన కారెక్కి పోతాడు. గేరిలో పిల్లోడు ల్యాప్‌టాప్‌కు అప్పు ఎక్కడ పుడుతుందా అని వెతుక్కుంటూ మిగులుతాడు.

ఆపేదెవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా పల్లె బడుల్లో పాఠాలు చెప్తున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు టవున్లలో ఈ పనే చేస్తున్నారు. పగలు ఒకరి దగ్గర జీతం, రాత్రి ఇంకొకరికి కూలి. తెలివి లేక కాదు, పని రాక కాదు. వాళ్లు చేసిన వెబ్‌సైట్లు చూపిస్తే మన సభల్లో మాట్లాడే పెద్దమనుషులే "ఇది హైదరాబాదోళ్లు చేసిందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలోనే సగం జవాబుంది.

ఈ వ్యాపారమంటే ఏంది?

కంప్యూటరు ముట్టని అమ్మలకూ అన్నలకూ అర్థమయ్యేటట్టు చెప్పుకుందాం. వెబ్‌సైటు ఒక ఇల్లు లాంటిది. మొదట దానికి పేరు కావాలి. దాన్ని డొమైన్ అంటారు. అది ఇంటిస్థలం పట్టా లాంటిదే గానీ శాశ్వత పట్టా కాదు. గడువు ముగిసేలోపు మళ్లీ డబ్బు కట్టి నిలుపుకోవాలి, కట్టకుంటే ఇంకొకరు ఎత్తుకుపోతారు. రెండోది చోటు. యాడనో ఉన్న పెద్ద కంప్యూటర్లో బాడిగకు తీసుకున్న గది అనుకోండి. మూడోది కట్టుబడి. అంటే పేజీలు, ఫోటోలు, రాతలు. నాలుగోది చాటింపు. గూగుల్ పటంలో షాపు గుర్తు పెట్టడం, ఫేస్‌బుక్‌లో వాట్సాప్‌లో రోజూ బొమ్మా మాటా పెట్టడం, డబ్బు కట్టి ప్రకటన వేయడం. ఎవరైనా "కర్నూలులో కంటి ఆసుపత్రి" అని వెతికితే ఎవరి ప్రకటన పైన కనపడాలనేదానికి ఆ క్షణంలోనే లోపల వేలంపాట జరుగుతుంది. చూసినోడు దాని మీద వేలు పెడితే ఇచ్చినోడి ఖాతాలో డబ్బు కోసుకుంటారు.

ఈ పనికి సామాను ఖరీదైంది కాదు. 1993లో స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థ ఈ వెబ్ అనేదాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రపంచానికి వదిలేసింది. ఎక్కువమంది వాడే వర్డ్‌ప్రెస్ అనే పనిముట్టు 2003 నుంచి ఉచితమే. గూగుల్ పటంలో షాపు పేరు పెట్టుకోడానికీ డబ్బు లేదు. భూమి అక్కర్లేదు, మిషన్లు అక్కర్లేదు. అందుకే పెద్దమనుషులకు ఇది మనకోసమే పుట్టిన వ్యాపారంలాగా కనపడుతుంది. కానీ ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి ల్యాప్‌టాప్ కాదు. గిరాకీ. గిరాకీ ఎవరి వెంట నడుస్తుందో చూస్తే కులం దొరుకుతుంది.

చాటింపు మనకు కొత్తదా?

నాలుగో పని గురించి చదువుతుంటే మీకొకటి తట్టే ఉంటుంది. చాటింపు మనకు కొత్తదా? ఊళ్లో వేలంపాట ఉందన్నా, శిస్తు కట్టాలన్నా, జాతర ఫలానా రోజన్నా తప్పెట మెడకేసుకుని వీధి వీధీ తిరిగింది ఎవరు? మన తాతలు. వాళ్లు కొట్టకపోతే ఊరికి కబురే లేదు. ఆ చాటింపుకు కూలి లేదు. కళ్లంలో అడుగున మిగిలిన నాలుగు గింజలు, అదీ చెయ్యి చాపితేనే. చాటింది వాళ్లు, సరుకు అమ్ముకున్నది ఇంకొకరు.

కపిల సంగతీ అంతే. ఈ ఎండు సీమలో బాయి నీళ్లు మడికి పారింది తోలుబానతో. తోలు ఊనిందీ, బాన కుట్టిందీ, చిరిగితే అర్ధరాత్రి పోయి అతుకేసిందీ మాదిగోడు. మడి మాత్రం రెడ్డిది. ఆ బాయి పేరు కూడా రెడ్డి బాయే. బండల గనుల్లో బండ తీసింది మన అమ్మానాయినలు. దేశమంతా అది "కడప బండ"గా అమ్ముడుపోతుంది. తీసిన మనిషి పేరు ఏ బండ మీదా ఉండదు.

పేరు చిన్న సంగతని ఎవరైనా అంటే మన చరిత్ర చదవలేదని అర్థం. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ నాయకత్వాన మన పెద్దలు "పంచములం కాదు, ఆది ఆంధ్రులం" అన్నారు. 1928లో నంద్యాల సభలో ఈ నేల "దత్తమండలాలు" అనే తెల్లోడి పేరు వదిలి రాయలసీమ అయ్యింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా, ఊరి కోసం కొట్టిన తప్పెటను తనకోసం కొట్టింది. తిట్టుగా వాడిన కులం పేరును పేరు చివర తగిలించుకుని తలెత్తి నిలబడింది. పేరు కోసం మనం కొట్లాడినంతగా ఈ దేశంలో ఎవరూ కొట్లాడలేదు. ఇప్పుడు ఆ కొట్లాట కంప్యూటరు తెర మీదికి వచ్చింది.

కింది గీత మీద ఎవరి పేరు?

ఏ వెబ్‌సైటయినా తెరిచి కిందికంటా జరపండి. అడుగున సన్న అక్షరాల్లో "తయారుచేసినవారు ఫలానా" అని ఒక గీత ఉంటుంది. ఈ వ్యాపారంలో అదే సైన్‌బోర్డు. ఆ గీత చూసే ఇంకో గిరాకీ ఫోను చేస్తాడు.

ఆ గీత మీదికి పేరు ఎట్లా ఎక్కుతుందో చూడండి. మాటవరసకు ఒక ఆసుపత్రి వెబ్‌సైటుకు యాభై వేలు అనుకుందాం. డాక్టరుగారు ఆ పని హైదరాబాదులో తనకు తెలిసిన కంపెనీకి ఇస్తాడు. ఆ కంపెనీ దాన్ని ఇరవై వేలకు కర్నూలులో తనకు తెలిసిన మనిషికి ఇస్తుంది. ఆయన దాన్ని ఆరేడు వేలకు మన పిల్లోడికి ఇస్తాడు. ముగ్గురిలో కూర్చుని పని చేసేది ఒక్కడే, కింది మెట్టు వాడు. కింది గీత మీద పేరు పై మెట్టు వాడిది. ఈ అంకెలు మాటవరసకు వేసినవి. మెట్లు మాత్రం మాటవరసవి కావు. మనువు కట్టిన మెట్లే అవి. తెర మీద కనపడవు, అంతే.

నా దగ్గర పదో తరగతి చదివి, తర్వాత ఇంజనీరింగు చేసిన ఒక పిల్లోడి సంగతి చెప్తా. వాళ్లమ్మ ఏటా సుగ్గికి పోయి గుంటూరు దిక్కు మిరపకాయలు కోసి చదివించింది. ఒక వ్యాపారి దగ్గర నేరుగా పని దొరికితే మూడు వారాలు నిద్ర మాని వెబ్‌సైటు చేశాడు. కింది గీతలో తన పేరు పెట్టుకున్నాడు. వాళ్ల నాయిన చర్చిలో పెట్టించిన పేరు. చూస్తే ఏ గేరి పిల్లోడో ఎవరికైనా తెలిసే పేరు. వ్యాపారి పని మెచ్చుకున్నాడు, తర్వాత మెల్లగా అన్నాడంట: "అంతా బాగుండాదప్పా, ఆ కింద పేరొకటి తీసెయ్. చూసేవాళ్లు ఏమనుకుంటారో." పేరు తీసేదాకా మిగతా డబ్బు ఇవ్వలేదు. పిల్లోడికి గది బాడిగ కట్టాల్సిన రోజు. పేరు తీసేశాడు.

ఇందులో తిట్టు లేదు, దెబ్బ లేదు. పోలీసు స్టేషనుకు పోతే ఏం రాసుకుంటారు? కానీ ఆ పిల్లోడు చేసిన పని ఈరోజూ ఆ షాపుకు గిరాకీ తెస్తోంది, వాడికి మాత్రం ఒక్క ఫోనూ రాదు. కారంచేడులో, చుండూరులో కత్తులు పట్టుకొచ్చినోళ్లు కనపడతారు. ఇక్కడ కత్తి కనపడదు. వేలితో ఒక్క గీత చెరిపేస్తే సరిపోతుంది.

పరిచయం అంటే కులమే

"పని బాగుంటే గిరాకీ తానే వస్తుంది" అంటారు. ఈ పని సంతలో కూరగాయలు అమ్మినట్టు కాదు. వెబ్‌సైటు చేసేవాడి చేతిలో వ్యాపారి తన ఖాతాలు, పాస్‌వర్డులు, ప్రకటనల డబ్బు పెట్టాలి. అంటే నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఎవరి మీద కలుగుతుంది? పెళ్లిళ్లలో కలిసి భోజనం చేసినోడి మీద, ఒకే కుల హాస్టల్లో చదివినోడి మీద, బామ్మర్ది చెప్పినోడి మీద. మన పిల్లోడు షాపులోకి పోతే మొదటి ప్రశ్న "ఎంత తీసుకుంటావు?" కాదు. "మీది యా ఊరు?" రెండోది "ఊళ్లో యాడ?" మూడోది "ఇంటిపేరేంది?" ఈ మూడింటితోనూ తేలకపోతే నాలుగోది సూటిగానే, "మీరేమోళ్లు?" ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాక "చూసి చెప్తాంలేప్పా" అంటారు. ఆ చూడటం ఎప్పటికీ అయిపోదు.

ఇది మా పిల్లల అపోహ కాదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు ఒకే చదువు, ఒకే అర్హతలు రాసి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపిన ఫలితం అచ్చువేశారు. అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. కర్నూలు పాతబస్తీలో, కడపలో ఇదే పని చేసే ముస్లిం పిల్లల్ని అడగండి, వాళ్లూ ఇదే లెక్క చెప్తారు.

అంతెందుకు, బాబాసాహెబ్ సంగతే చూడండి. కొలంబియాలో, లండన్‌లో చదివి బొంబాయి తిరిగొచ్చిన ఆ మనిషి, 1918లో సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరు కాకముందు, బతకడానికి పెట్టుబడుల సలహా వ్యాపారం పెట్టాడు. తెలివితో చేసే వ్యాపారమే, భూమీ మిషన్లూ అక్కర్లేని వ్యాపారమే. ఆయన అంటరానివాడని తెలిసేసరికి గిరాకీ మాయమైంది. వ్యాపారం మూతబడింది. 1920లో ఆయన "మూక్‌నాయక్" పత్రిక పెట్టినప్పుడు, డబ్బులిస్తాం ప్రకటన వేయండని అడిగితే తిలక్ గారి "కేసరి" వేయనంది. డబ్బిచ్చినా చాటింపు వేయని కులం అది! అంబేడ్కర్ అంతటివాడికే తెలివి చాల్లేదు, గిరాకీ కావాల్సొచ్చింది. ఆయన విగ్రహం పక్కన నిలబడి "మిమ్మల్ని ఆపేదెవరు?" అని అడిగే పెద్దమనుషులకు ఈ సంగతి తెలియదా?

కులం లేని యంత్రం యాడుంది?

యంత్రం వస్తే కులం పోతుందనే మాట కొత్తది కాదు. 1853లో కార్ల్ మార్క్స్ అంతటి మేధావి, రైలు వస్తే దానితో వచ్చే పరిశ్రమలు భారతదేశంలో కులవృత్తుల విభజనను కరిగిస్తాయని రాశాడు. రైలు వచ్చింది. డోన్ జంక్షన్ దాటి దేశమంతా తిరుగుతోంది. పట్టాల మీది మలం ఏ కులం ఎత్తిందో మనకు తెలుసు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను మన దేశ జనానికి తెరిచింది. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ లేచింది. అప్పుడూ ఇదే మాట, ఇక మెరిటే కులం అని. అయ్యిందా?

కులం ఇంటర్నెట్‌లో లేదనేవాళ్లు ఒక్కసారి పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లు తెరిచి చూడాలి. కులం, ఉపకులం, గోత్రం, అన్నిటికీ గడులు కట్టి పెట్టారు. మన పిల్లలకు దొరికే పనుల్లో కుల సంఘాల వెబ్‌సైట్లు కూడా ఉంటాయి. కార్తీక వనభోజనాల ఫోటోలు ఎక్కించేది మనోడు, ఆ భోజనాలకు రానియ్యనిదీ మనోడినే. సముద్రాలు దాటినా అంతే. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ శాఖ, దళిత ఇంజనీరు మీద కుల వివక్ష జరిగిందని సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. 2022లో గూగుల్ కంపెనీలో తేన్మొళి సౌందరరాజన్ కులం మీద మాట్లాడాల్సిన సభను ఉద్యోగుల్లోనే కొందరు అడ్డంపడి రద్దు చేయించారు. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. అమెరికా నగరానికి కనపడిన కులం కర్నూలు పెద్దమనుషులకు కనపడకపోవడం విచిత్రం కాదూ?

దాచేటప్పుడు ఒక పేరు, వాడుకునేటప్పుడు ఇంకో పేరు

గిరాకీ ముందు మన పేరు దాచమనేవాళ్లే, బ్యాంకు ముందుకు పోయేటప్పుడు మన పేరు కోసం వెతుక్కుంటూ వస్తారు. 2016లో కేంద్రం స్టాండప్ ఇండియా పథకం తెచ్చింది. ప్రతి బ్యాంకు శాఖా ఒక ఎస్సీ లేదా ఎస్టీకీ, ఒక మహిళకూ పది లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలి. కంపెనీ అయితే 51 శాతం వాటా వాళ్లదే అయివుండాలి. 2025 వరకు నడిచిన ఆ పథకం కాగితం మీద మంచిదే. కానీ 51 శాతం వాటా రాయించుకుని, ఖాళీ చెక్కులు సంతకం చేయించుకుని, నెలకు పదివేలు చేతిలో పెట్టే మనుషులు ఏ టవున్లో లేరు? రిజర్వుడు సర్పంచిని కుర్చీలో కూర్చోబెట్టి వెనక నుంచి సంతకాలు పెట్టించిన చేతులే ఇవి. తెర మీద పని మనది, పేరు వాళ్లది. కాగితం మీద పేరు మనది, డబ్బు వాళ్లది. రెండు చోట్లా నష్టం మనకే.

పోనీ ప్రభుత్వం ఏం చేసింది? 2020 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ ఎస్టీ పారిశ్రామికులకు "బడుగు వికాసం" పేరుతో పాలసీ ప్రకటించింది. పారిశ్రామిక వాడల్లో ఎస్సీలకు 16.2 శాతం, ఎస్టీలకు 6 శాతం ప్లాట్లు అంది. ప్లాట్లు కావాల్సినవాళ్లకు మంచిదే. ఒక గదీ ఒక ల్యాప్‌టాప్ ఉన్న పిల్లోడు కొప్పర్తిలో ప్లాటు తీసుకుని ఏం చేసుకోవాలి? రాయితీలన్నీ స్థలానికీ మిషనుకూ. వాడికి కావాల్సింది పని. ఆర్డరు. ఆ ఆర్డర్లు ఇచ్చే చెయ్యి మాత్రం పాతదే.

జిల్లాల అధికారిక వెబ్‌సైట్లు కేంద్రం వాళ్ల ఎన్.ఐ.సి. చూసుకుంటుంది. సరే. మిగతావి? విశ్వవిద్యాలయాలు, సహకార బ్యాంకులు, మార్కెట్ యార్డులు, దేవస్థానాలు, ప్రభుత్వ కాలేజీలు. వీటిల్లో బయటివాళ్లతో చేయించుకునే వెబ్ పని, ప్రచారం పని ఎంత ఉంది? అది ఏ కులాల చేతుల్లోకి పోతోంది? పబ్లిక్ డబ్బుతో జరిగే పనికి లెక్క అడిగే హక్కు మనకు లేదా?

చట్టం లేక కాదు. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనే సరుకుల్లో, సేవల్లో 4 శాతం ఎస్సీ ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచే కొనాలని 2012 నాటి ఉత్తర్వు ఉంది. పక్కనున్న కర్ణాటక, ప్రభుత్వ నిర్మాణ పనుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించింది. మొదట యాభై లక్షల లోపు పనులకు, 2023లో కోటి దాకా. మన రాష్ట్రంలో 2019 జూలైలో, నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో, సేవల కాంట్రాక్టుల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు ఇవ్వాలని చట్టం చేశారు. వెబ్‌సైటు చేయడం సేవ కాదా? ప్రచారం చేయడం సేవ కాదా? ఆ చట్టం కింద మన రెండు జిల్లాల్లో ఒక్క పిల్లోడికైనా ఈ పని ఇచ్చారా అని కలెక్టరాఫీసులో అడగాలి. రోడ్డు కాంట్రాక్టులంటే అందరికీ కనపడతాయి. ఇవి కనపడని కాంట్రాక్టులు. కనపడవు కాబట్టే చప్పుడు లేకుండా పంచుకుంటున్నారు.

మన కామ్రేడ్లకు ఒక మాట

ఇంతదాకా వాళ్లను అన్నాను. మనవాళ్లను కూడా అనాలి. "ఇది వ్యాపారం గొడవ, ఉద్యమానికేం సంబంధం?" అని మనలో కొందరు మూతి విరుస్తున్నారు. కూలి రేటు ఉద్యమ సమస్య అయితే, బండల గనిలో బట్వాడా ఉద్యమ సమస్య అయితే, కంప్యూటరు ముందు కూర్చున్న కూలోడి రేటు ఎందుకు కాదు? మెడ వంచి చేసే పని మారింది, మెడ వంచేది అదే కులం.

బాబాసాహెబ్ పత్రికలు పెట్టాడు, అచ్చుయంత్రం పెట్టాడు. మన మాట ఇంకొకరి యంత్రంలో అచ్చయితే ఇంకొకరి మాటే అవుతుందని ఆయనకు తెలుసు. ఈరోజు మన సంఘాల ఫేస్‌బుక్ పేజీల పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? మన సభల కరపత్రాలు, పోస్టర్లు ఎవరు చేస్తున్నారు? లక్షలు పెట్టి విగ్రహాలు నిలబెట్టే మన ఉద్యోగ సంఘాలు వెబ్‌సైటు కావాల్సొస్తే యాడికి పోతున్నాయి? గేరిలో పిల్లోడిని వదిలి, "ప్రొఫెషనల్‌గా ఉంటుంది" అని పై మెట్టు వాడి దగ్గరికే పోతున్నాం. పిల్లోడి దగ్గరికి పోయినా "మనోడే కదా, ఊరికే చేసిపెట్టు" అంటాం. ఊరికే చేయించుకోవడాన్ని మన తాతలు ఏమనేవాళ్లు? వెట్టి. మనవాళ్ల దగ్గర మనమే వెట్టి చేయించుకుంటే ఇక రెడ్డిని ఏమని అడుగుతాం?

ఏం చేయాలి?

ఏడుపు కోసం ఇది రాయలేదు. ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కొన్ని సంగతులు సూటిగా చెప్తాను.

కాగితం లేకుండా పని మొదలుపెట్టొద్దు. పని ఏమిటి, ఎన్ని పేజీలు, ఎంత డబ్బు, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి, ఏటా నిలుపుకునే డబ్బు ఎవరు కట్టాలి, అన్నీ రాసుకోవాలి. మూడో వంతన్నా ముందే తీసుకోవాలి. ప్రకటనల డబ్బు ఎప్పుడూ మన జేబు నుంచి పెట్టొద్దు. గిరాకీ ఖాతా నుంచే పోవాలి. పిల్లలు ఎక్కువగా మునిగిపోతున్నది ఇక్కడే.

కింది గీత మీద పేరు హక్కు, దయ కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షను ప్రకారం, రచన మీద హక్కులు అమ్మేసినా, ఇది నేను చేసిందని చెప్పుకునే హక్కు చేసినోడికి ఉంటుంది. ఒప్పందంలోనే ఆ మాట రాయించండి.

ఉద్యం రిజిస్ట్రేషను చేయించుకోండి, దానికి డబ్బు లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, రిజిస్ట్రేషను ఉన్న చిన్న సంస్థకు డబ్బు 45 రోజుల్లోపు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పుకునే వ్యాపారికి ఈ సెక్షను ఒక కాగితం మీద రాసి పంపండి.

కులం పేరుతో పని ఇవ్వకపోవడం ఊరికే అవమానం కాదు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఆర్థిక బహిష్కరణ అంటే ఏమిటో అందులో రాశారు. వ్యాపారం చేయ నిరాకరించడం, డబ్బుకు సేవ చేసే కాంట్రాక్టు అవకాశాలు ఇవ్వకపోవడం కూడా అందులోకి వస్తాయి. సాక్ష్యం కష్టమే. కాబట్టి మాటలు కాగితం మీదికి, ఫోను మెసేజి మీదికి తెచ్చుకోండి. "పేరు తీసెయ్" అన్నమాట నోటితో కాదు, రాతలో అడిగించుకోండి.

గిరాకీ తాళంచెవిని గిరాకీకే ఇవ్వండి. డబ్బు పూర్తిగా ముట్టాక డొమైన్ వాళ్ల పేరుతోనే ఉండాలి, పాస్‌వర్డు వాళ్ల చేతిలో పెట్టాలి. చెప్పుల అంగడి పెట్టుకున్న మన అన్న పేరు, బిర్యానీ హోటలు పెట్టుకున్న సాయిబు పేరు మన గుప్పిట్లో పెట్టుకుని ఏటా పిండుకుంటే మనకూ పై మెట్టు వాడికీ తేడా లేదు. మెట్లు ఎక్కడానికి కాదు, పడగొట్టడానికి వచ్చాం.

అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా ఉండొద్దు. ఒంటరి పిల్లోడు ఎవడైనా చివరికి కింది మెట్టు మీదే కూర్చుంటాడు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, వేర్వేరు కుటుంబాల వాళ్లు పదిమంది ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. ఆ కాలంలోనే మన ఓర్వకల్లు పొదుపు మహిళలు రూపాయి రూపాయి కూడబెట్టి మండలమంతా ఒక్క సంఘమై నిలబడ్డారు. వాళ్లకు సాధ్యమైంది ఇంజనీరింగు చదివిన మనకు సాధ్యం కాదా? ఒకడు బొమ్మ గీస్తాడు, ఒకడు కోడ్ రాస్తాడు, ఒకమ్మాయి తెలుగు రాస్తుంది, ఒకడు షాపు షాపుకూ తిరుగుతాడు. సంఘం పేరుతో టెండరు వేస్తే హైదరాబాదు మెట్టు అక్కర్లేదు. మాల, మాదిగ, దూదేకుల, సుగాలి, చాకలి, ఎవరి పిల్లలైనా సరే. మెట్టు కింద ఉన్నవాళ్లంతా ఒక దగ్గర కూర్చుంటే అది మెట్టు కాదు, అరుగు అవుతుంది.

మన డిమాండ్లు

ఒకటి. రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు, దేవస్థానాలు, సహకార సంస్థలు బయట చేయించుకునే వెబ్, ప్రచార పనుల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో వాటా ఇవ్వాలి. 2019 చట్టాన్ని ఈ సేవలకు అమలు చేసి, ఎవరికి ఎంత ఇచ్చారో ఏటా జిల్లాల వారీగా ప్రకటించాలి.

రెండు. ఎస్సీ కార్పొరేషన్ అప్పులతో పాటు ఆర్డర్లు కూడా ఇప్పించాలి. ఆర్డరు లేని అప్పు ఉరితాడు.

మూడు. పని ఇంకొకరికి మార్చి ఇచ్చే కాంట్రాక్టుల్లో, చివరికి పని చేసినవాడి పేరూ వాడికి ముట్టిన డబ్బూ బిల్లులో రాయాలి.

నాలుగు. మన పేర్ల మీద బినామీ కంపెనీలు నడిపేవాళ్ల మీద కేసులు పెట్టాలి. సంతకం పెట్టినోడిని బలి చేసి వెనకున్నోడిని వదిలేయడం ఆపాలి.

ఐదు. ఇది ప్రభుత్వానికి కాదు, మనకు. దళిత ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు, చర్చిలు, వచ్చే అంబేడ్కర్ జయంతి లోపల తమ వెబ్ పనులు, ప్రచార పనులు మన పిల్లలకే ఇవ్వాలి. రేటు కట్టి ఇవ్వాలి, ఊరికే కాదు.

సభల్లో "ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కండి" అనే పెద్దమనుషులకు చివరి మాట. అయ్యా, మాకు ధైర్యం నూరిపోయొద్దు. ధైర్యం మాకు తక్కువ లేదు. మీ ఆసుపత్రికి, మీ కాలేజీకి, మీ గ్రానైటు కంపెనీకి వెబ్‌సైటు ఎవరు చేశారో చూపించండి. కిందికంటా జరపండి. ఆ చివరి గీత మీద ఎవరి పేరు ఉందో చదవండి. అక్కడ మా పిల్లోడి పేరు ఉన్నరోజు వచ్చి మైకు పట్టుకోండి, మేమే చప్పట్లు కొడతాం.

అంతవరకు ఈ తప్పెట మేం మాకోసమే కొడతాం.

జై భీమ్!